ఏరుకు తినేవాళ్ళూ తగ్గొచ్చు

చెన్నై నుంచి నెల్లూరు వైపు వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆరంబాక్కం దాటాక వచ్చే తెలుగు ఊరు తడ. తూర్పున పులికాట్ సరస్సు. ఉప్పు, తీపి నీళ్ళు కలిసే సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్దది. భీమునివారిపాలెం రేవులో రొయ్యలు, పీతలు, మడవలు ఒడ్డుకు చేరతాయి. పడమర కాసేపు ప్రయాణిస్తే శ్రీసిటీ. అక్కడ కూల్‌డ్రింకులు నింపే పెప్సీకో ప్లాంటు 2015లో, క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మాండలీజ్ ప్లాంటు 2016లో మొదలయ్యాయి. పాలలో వేసుకు తినే కార్న్‌ఫ్లేక్స్ కంపెనీ కెలాగ్స్ కూడా ఆ ఆవరణలోనే ఉంది.

ఈ రెంటి మధ్య ఉన్న తడ 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ రోజు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. తెలుగూ తమిళమూ కలిసి వినిపించే ఈ సరిహద్దులో చేపల పులుసు, సాంబారు, రాగి సంగటి, చెనక్కాయ చట్నీ, రాత్రిపూట పరోటా, అన్నీ అందుబాటులో ఉంటాయి. తిండికి ఇంత వైవిధ్యం ఉన్న చోట కూడా, ఏ వీధిలో అడిగినా, పది పన్నెండు రకాలు తప్ప మరేదీ ముట్టనివాళ్ళు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. సాంబారులో ముక్కలు పక్కకు పోతాయి. ఉప్మాలో కరివేపాకు పళ్ళెం అంచుకు చేరుతుంది. బెండకాయ జిగురు, వంకాయ మెత్తన, కాకర చేదు, చేప నీచు. "ఏంది నాయనా, కూరంతా ఏరి పక్కన పెట్టినావు?" అని అమ్మ అడగని పూట ఉండదు.

చిన్నప్పుడు దాన్ని పెంకితనం అంటారు. పెద్దయ్యాక అలవాటు అని సరిపెట్టుకుంటారు. ముప్ఫై ఏళ్ళు దాటి, నడుము చుట్టుకొలత పెరిగి, డాక్టరు "బరువు తగ్గాలి" అన్న రోజున అసలు చిక్కు మొదలవుతుంది. చేతికి వచ్చిన డైట్ చార్టులో ఓట్స్, కీరా, మొలకలు, ఉడకబెట్టిన కూరగాయలు, గ్రీన్ టీ ఉంటాయి. తినగలిగినది ఒక్కటీ ఉండదు. మూడు రోజులు కళ్ళు మూసుకుని మింగుతారు. నాలుగో రోజు ఆకలికి తట్టుకోలేక పరోటా, ఆ వెంటనే పశ్చాత్తాపం, ఆ తర్వాత "బరువు తగ్గడం నా వల్ల కాదు" అన్న నిర్ధారణ. ఓడిపోయింది మనిషి కాదు. ఆ మనిషి ఏం తింటాడో అడగకుండా రాసిన చార్టు.

సమస్య చిన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం, మగవాళ్ళలో 31.1 శాతం బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత) 25 దాటినవాళ్ళు. దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో ఇది 24 శాతమే. అదే సర్వేలో రాష్ట్రంలోని ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. ఒంట్లో బరువు ఎక్కువ, రక్తం తక్కువ. అన్నం కడుపు నిండా దొరికి, మిగతావి పళ్ళెంలోకి చాలినంత రాని ఇళ్ళ కథ ఇది. ఏరుకు తినేవాళ్ళలో ఈ రెండూ ఒకే ఒంట్లో కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

అలాంటివాళ్ళు ఆరోగ్యంగా బరువు తగ్గొచ్చు. నచ్చని కూర ఒక్కటి కూడా ముట్టకుండానే మొదలుపెట్టొచ్చు. పైగా, ఏరుకు తినే గుణమే ఈ పనిలో వాళ్ళకు కొంత ఊతం.

నాలుక పుట్టుకతోనే వేరు

1931లో అమెరికాలోని డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తెల్లపొడిని సీసాలో పోస్తుంటే అది గాలిలో లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదు అన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఇద్దరూ రుచి చూశారు. ఒకరికి భరించలేని చేదు, ఒకరికి సుద్దముక్క. పీటీసీ అనే ఆ పదార్థం చేదు కొందరికి తెలియడం, కొందరికి తెలియకపోవడం వంశపారంపర్యమని తర్వాత రుజువైంది. 2003లో దానికి కారణమైన జన్యువును కూడా గుర్తించారు. క్యాబేజీ, కాలీఫ్లవర్ లాంటి కూరల్లోని చేదును కొందరు గట్టిగా పట్టేయడానికి ఇదొక కారణం. ఒకే పంక్తిలో కూర్చుని ఒకే కూర తింటున్న ఇద్దరి నోళ్ళలో ఉన్నది ఒకే రుచి కాదన్నమాట.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు బ్రిటన్‌లో రెండు వేలకు పైగా కవల పిల్లల జంటలను పదహారు నెలల వయసు నుంచి పదమూడేళ్ళ దాకా గమనించి 2024లో ఫలితాలు ప్రకటించారు. తిండి దగ్గర పేచీలో పదహారు నెలల వయసులోనే దాదాపు 60 శాతం తేడాకు జన్యువులు కారణమని, మూడేళ్ళు దాటాక అది 74 శాతం పైనే ఉంటుందని తేలింది. "గారాబం చేసి చెడగొట్టినావు" అని కోడలిని, కూతురిని సాధించే పెద్దవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. పేచీ నోరు అమ్మ పెంపకంలో లోపం కాదు. సిగ్గుపడాల్సిన అవగుణమూ కాదు.

ఈ నోటికి ప్యాకెట్ తిండి ఎందుకంత నచ్చుతుందో కూడా చూడాలి. వంకాయ ఒకరోజు లేతగా ఉంటుంది, ఒకరోజు గింజ ముదిరి ఉంటుంది. ఒకరోజు మెత్తగా మగ్గుతుంది, ఇంకోరోజు పిసరు కనరు తగులుతుంది. ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఏ రుచి ఎదురవుతుందో తెలియదు. బిస్కెట్ అలా కాదు. సోమవారం తిన్నదీ శనివారం తిన్నదీ, తడలో కొన్నదీ తిరుపతిలో కొన్నదీ ఒకే కరకర, ఒకే తీపి. లక్షల ప్యాకెట్లలో ఒక్కటి కూడా తేడా రాకుండా చూసుకోవడమే ఫ్యాక్టరీ పనితనం. ఏరుకు తినేవాళ్ళు వెతికేది రుచినే కాదు, ఆ భరోసాను కూడా.

ఆ భరోసాకు చెల్లించే మూల్యం ఎక్కువ. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని నాలుగు వారాలు ఆస్పత్రిలోనే ఉంచి తిండి పెట్టింది. రెండు వారాలు అతిగా శుద్ధి చేసిన ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో సగటున 0.9 కిలో పెరిగారు. మామూలు వంట తిన్నప్పుడు అంతే తగ్గారు. పోషకాల లెక్కలో రెండు రకాల భోజనాలూ సమానంగానే అమర్చినా ఫలితం ఇది.

ఇక ఊతం సంగతి. బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త 1980ల్లో చేసిన ప్రయోగాల్లో, ఒకే వంట వరసగా వడ్డించినప్పటి కంటే రకరకాల వంటలు ఒకదాని తర్వాత ఒకటి వడ్డించినప్పుడు మనుషులు బాగా ఎక్కువ తిన్నారు. ఒక రుచి మీద నోటికి త్వరగా మొహం మొత్తుతుంది, కొత్త రుచి రాగానే మళ్ళీ ఆకలి పుడుతుంది. పెళ్ళి భోజనంలో కడుపు నిండాక కూడా స్వీటుకు చోటు దొరకడం అందరికీ అనుభవమే. అన్నీ తినేవాళ్ళకు ఇది రోజూ పెద్ద పరీక్ష. రోజూ అదే టిఫిన్, అదే పప్పు, అదే పెరుగు తిన్నా విసుగుపడని మనిషికి ఈ పరీక్ష సగం తప్పినట్టే. మిగతావాళ్ళు కష్టపడి అలవాటు చేసుకోవాల్సిన క్రమం వీళ్ళకు పుట్టుకతో వచ్చింది. దాన్ని బిస్కెట్ల మీద కాకుండా గుడ్డు, పెరుగు, పప్పు మీద పెట్టడమే చేయాల్సిన పని.

పదమూడు రకాల అమ్మాయి

శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసే 26 ఏళ్ళ అమ్మాయి ఉందనుకుందాం. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు, బీఎంఐ 29 పైన. మన దేశపు వైద్యులు పెట్టుకున్న హద్దుల ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకూడదు. ఈ అమ్మాయి తినేవి పదమూడు రకాలు: అన్నం, పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, దోసె, చెనక్కాయ చట్నీ, ఆమ్లెట్, చికెన్ వేపుడు, పెరుగు, అరటిపండు, టీ, బిస్కెట్లు, చిప్స్, కూల్‌డ్రింక్. కూరగాయ అంటే బంగాళాదుంపే. పండు అంటే అరటిపండే.

ఈ అమ్మాయి చేతిలో మొలకల చార్టు పెట్టడం వృథా. ఆమె రోజును తూకం వేసి చూద్దాం. నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర: చక్కెర నుంచే 160 క్యాలరీలు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ 110. యాభై గ్రాముల చిప్స్ ప్యాకెట్ 270 దాకా. మొత్తం 540. ఆకలి తీర్చడంలో ఈ మూడింటి పాత్ర దాదాపు సున్నా. రోజుకు 500 క్యాలరీలు తగ్గితే వారానికి అర కిలో దాకా తగ్గుతారన్నది మోటు లెక్క. ఒంటి తీరును బట్టి, రోజులు గడిచేకొద్దీ వేగం మందగిస్తుంది గానీ దారి అదే. ఈ మూడింటినీ ఒకేరోజు మానేయాల్సిన పని కూడా లేదు. టీలో చక్కెర ఒక చెంచాకు, తర్వాత అర చెంచాకు తగ్గించినా నాలుక రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. కొత్త కూర ఒక్కటీ ముట్టకుండానే ఇక్కడిదాకా రావచ్చు.

తర్వాత చూడాల్సింది నూనె. ఏ నూనె అయినా గ్రాముకు తొమ్మిది క్యాలరీలు. పెద్ద చెంచాడు నూనె అంటే 120 పైనే. బంగాళాదుంపను ముందు ఆవిరి మీద ఉడికించి, రెండు చెంచాల నూనెలో చివర ఎర్రగా కాల్చితే పైన కరకర మిగులుతుంది, నూనె సగానికి సగం తగ్గుతుంది. చికెన్ వేపుడుదీ అదే పద్ధతి. కరకర కోసమే వేపుడు తినేవాళ్ళకు ఆ కరకర పోకుండా చూడాలి, లేకపోతే రెండో రోజే వెనక్కి వెళ్ళిపోతారు. చట్నీ చెంచా కూడా చూసి వేసుకోవాలి. చెనక్కాయలు బలమైన తిండే, వంద గ్రాముల్లో 25 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. కానీ 30 గ్రాముల గుప్పెడుకే 170 క్యాలరీలు.

అన్నం దగ్గర తెలుగువాళ్ళ మనసు కష్టపడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రోజుకు 2,000 క్యాలరీల పళ్ళెం ఎలా ఉండాలో చెప్పింది. ఉడకని తూకంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పప్పులు గుడ్లు మాంసం కలిపి 85, పలుకులు గింజలు 35, నూనె 27, పాలు పెరుగు 300. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది. మన ఇళ్ళలో అది చాలాచోట్ల 50 నుంచి 70 శాతం. అన్నం మానేయమని ఆ సంస్థ అనలేదు. అన్నం చోటు కొంత పప్పుకూ గుడ్డుకూ కూరకూ ఇవ్వమంది. పదమూడు రకాల అమ్మాయి మూడు గరిటెల అన్నానికి రెండు వేసుకుని, పప్పుచారును పలచటి చారుగా కాకుండా పప్పు చిక్కగా కనిపించేలా పోసుకుని, పక్కన రెండు గుడ్ల ఆమ్లెట్ పెట్టుకుంటే పళ్ళెం ఇట్టే మారిపోతుంది. అన్నీ ఆమె తినేవే.

ప్రొటీన్ లెక్క కూడా ఆమె చిట్టాలోంచే తేలుతుంది. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు అవసరమని మన దేశపు ప్రమాణం, అంటే 70 కిలోలకు 58. రెండు గుడ్లు 12, రెండు కప్పుల పెరుగు 12, కప్పు చిక్కటి పప్పు 7 లేదా 8, వంద గ్రాముల చికెన్ 20 పైన. ధాన్యంలో ఉండేది కలుపుకుంటే సరిపోతుంది. బరువు తగ్గేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ప్రొటీన్ చాలక, కండరాలకు పని లేక తగ్గితే ఒంట్లో కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. మళ్ళీ పెరిగేటప్పుడు కొవ్వే ముందు తిరిగొస్తుంది.

సంగటి గురించి ఒక మాట. రాగి మంచిదే. కాల్షియం వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, పీచు బియ్యం కంటే చాలా ఎక్కువ. క్యాలరీలు మాత్రం బియ్యానికి కొంచెమే తక్కువ. "అన్నం మానేసి సంగటి తింటున్నా, తగ్గడం లేదు" అనేవాళ్ళు ముద్ద సైజు చూసుకోవాలి.

షిఫ్టు పనివాళ్ళకు ఇంకో శత్రువు నిద్రలేమి. 2004లో షికాగో యూనివర్సిటీలో పన్నెండు మంది యువకులను రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. ఆకలి పుట్టించే హార్మోను 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే హార్మోను 18 శాతం తగ్గింది. వాళ్ళ మనసు ఎక్కువగా లాగింది తీపి, ఉప్పు చిరుతిళ్ళ వైపే. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు సరిగా పడుకోని మనిషిని చిప్స్ ప్యాకెట్ విప్పాడని నిందించే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. చీకటి గది, తలుపు దగ్గర సెల్‌ఫోన్, ఏడు గంటల నిద్ర, ఇవి కూడా డైట్‌లో భాగమే.

ఒక్కొక్కటిగా

ఇంతవరకు చిట్టా మార్చలేదు. కానీ పదమూడు రకాలతో జీవితాంతం గడిపేస్తే ఇనుము, ఫోలేట్, విటమిన్ సి, పీచు చాలవు. చిట్టాకు నెలకు ఒకటి చొప్పున చేర్చుకుంటూ పోవాలి. అమెరికాలో లియాన్ బిర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచి చిన్నపిల్లల మీద చేసిన పరిశోధనల్లో, కొత్త తిండి నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూడాల్సి వస్తుందని తేలింది. చాలా ఇళ్ళలో మూడోసారికే "వీడు తినడు" అని తీర్మానించేస్తారు. పెద్దవాళ్ళ విషయంలోనూ ఓపిక ఇలాగే కావాలి. ఒక చెంచా చాలు. నచ్చకపోతే వదిలేయొచ్చు, వారం తర్వాత మళ్ళీ ఒక చెంచా.

ఏది చేర్చుకోవాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతపు వంటగదిలోనే జవాబులున్నాయి. ఏరుకు తినేవాళ్ళలో చాలామందికి అడ్డం రుచి కాదు, నోటికి తగిలే తీరు. ముక్క పంటికి తగిలి జారిపోవడం, పీచు రావడం, జిగురు. రోటిపచ్చడి ఈ బాధలన్నీ తీసేస్తుంది. బీరకాయ కూర చూస్తే మొహం తిప్పుకునే మనిషి బీరపొట్టు పచ్చడి వేడి అన్నంలో కలుపుకుని తినడం తెలుగిళ్ళలో చాలాచోట్ల చూస్తాం. కాల్చిన వంకాయ, దోసకాయ, టమోటా, పుదీనా, గోంగూర, ఏదైనా పచ్చడిగా మారాక ముక్కలుండవు. రెండు జాగ్రత్తలు: ఉప్పు మితం, ఆ పచ్చడి రుచికి అదనంగా పెట్టుకునే రెండు ముద్దల అన్నం మితం. పాలకూర, సొరకాయ పప్పులో వేసి మెత్తగా మెదపడమూ ఇదే దారి. చలికాలంలో చిత్తూరు వైపు ఇళ్ళలో చేసే పితికిపప్పు కూర, అనపగింజల పొట్టు ఒలిచి చేసేది, ముక్కలంటే గిట్టనివాళ్ళకు సులువుగా దిగుతుంది. ప్రొటీనూ పీచూ రెండూ ఉన్న వంట.

ఉడికిన క్యారెట్ వాసనకే వెనక్కి పోయేవాళ్ళు కొందరు పచ్చి క్యారెట్ హాయిగా కరకరా నములుతారు. చిప్స్ కరకరకు అలవాటైన నోటికి ఇది దగ్గరి చుట్టం. మామిడి కాలంలో తోతాపురి పచ్చిముక్క మీద ఉప్పుకారం చల్లుకుని తినడం తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎవరికీ నేర్పక్కరలేదు. అరటిపండు తినేవాళ్ళు మెత్తటి సపోటా, తర్వాత జామపండు గుజ్జు, ఆ తర్వాత జామకాయ ముక్క, ఇలా ఒక మెట్టు మీద నుంచి ఇంకో మెట్టుకు వెళ్ళొచ్చు.

చేప తిననివాళ్ళ అభ్యంతరాలు రెండు: ముల్లు, నీచు. పులికాట్ ఒడ్డు మనుషులకు రొయ్య ఈ రెంటికీ జవాబు. ముల్లు ఉండదు. నల్లనరం తీసి, పసుపు నిమ్మరసం రాసి కాసేపు ఉంచి కడిగితే వాసన చాలావరకు పోతుంది. వంద గ్రాముల రొయ్యల్లో 20 గ్రాముల దాకా ప్రొటీన్, క్యాలరీలు వంద కంటే తక్కువ. పిండిలో ముంచి వేపితే ఈ లాభం పోతుంది. రొయ్యలు పడని అలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం దూరంగా ఉండాలి.

పిల్లల విషయంలో ఒక హెచ్చరిక. తెలియకుండా కలిపి పెట్టడం, "కూర లేదులే, తిను" అని అబద్ధం చెప్పడం చేయకూడదు. కనిపెట్టిన రోజున బిడ్డ ఆ కూరనే కాదు, అది కలిపిన పప్పును కూడా చిట్టాలోంచి తీసేస్తాడు. చెప్పి కలపాలి. తినకపోతే గొడవ చేయకుండా పళ్ళెం తీసేయాలి.

గురువులు, హీరోలు, సూదులు

తెలుగునాట డైట్ ఉద్యమాలకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని ప్రకృతి ఆహారం చెప్పారు. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ అన్నం పూర్తిగా ఆపి కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళతో సాగే పద్ధతిని ఊరూరా సభలు పెట్టి చెప్పారు. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడ్డ ఖాదర్ వలీ కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలను ఇళ్ళలోకి మళ్ళీ తెచ్చారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ముగ్గురి వల్లా మేలు పొందామని చెప్పేవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఈ మూడింటికీ ఉమ్మడి గుణం ఒకటుంది. పళ్ళెంలో ఉన్నదంతా ఒకేసారి మార్చమంటాయి. అన్నీ తినగలిగే మనిషికే అది కష్టం. ఏరుకు తినే మనిషికి దాదాపు అసాధ్యం. మానేశామన్న అపరాధభావం మాత్రం మిగులుతుంది.

సినిమావాళ్ళను చూసి పోల్చుకోవడం ఇంకో బాధ. 2006లో 'రాఖీ' నాటికి బొద్దుగా ఉన్న జూనియర్ ఎన్టీఆర్ 2007లో 'యమదొంగ'కు సన్నబడి కనిపించారు. అనుష్క 2015లో 'సైజ్ జీరో' కోసం బరువు పెరిగారు, అడ్డదారిలో సన్నబరుస్తామనే క్లినిక్‌ల మోసం ఆ సినిమా కథలో భాగం. వాళ్ళకు శిక్షకులు, వంటవాళ్ళు, పారితోషికం ఉన్న గడువు ఉంటాయి. అదే 2015 జూన్‌లో, 'నువ్వు నాకు నచ్చావ్' నాయిక ఆర్తీ అగర్వాల్ కొవ్వు తీసే లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకే అమెరికాలో, 31 ఏళ్ళకే కన్నుమూశారు. బరువు గురించి ఆమె ఎన్ని మాటలు పడ్డారో తెలుగు ప్రేక్షకులకు గుర్తుండే ఉంటుంది. ఒకరి ఒంటి మీద మాట తూలే అలవాటును మన ఇళ్ళు, మన తెరలు వదులుకోవాలి.

ఇప్పుడు బరువు తగ్గించే సూదులు వచ్చాయి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ ఆ జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అవసరమైనవాళ్ళకు డాక్టరు పర్యవేక్షణలో బాగా పనిచేస్తున్న మందులే. ఏరుకు తినేవాళ్ళు ఒక సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ మందులు ఆకలి చంపుతాయి, చాలామందికి వికారం తెస్తాయి. అసలే తక్కువ రకాలు తినే మనిషి గుడ్డు, పప్పు కూడా సయించక రెండు బిస్కెట్లతో రోజు గడిపేస్తే తూకం తగ్గుతుంది గానీ కండ పోతుంది, రక్తం ఇంకా పడిపోతుంది.

ఎంత వేగంగా తగ్గాలన్న ప్రశ్నకు జాతీయ పోషకాహార సంస్థ జవాబు స్పష్టం: వారానికి అర కిలో క్షేమం, తగ్గడం కోసం తినే తిండి రోజుకు 1,000 క్యాలరీల కంటే తగ్గకూడదు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ముప్పు కూడా ఉంది. తడకు దగ్గరి మహానగరం చెన్నైలో డాక్టర్ అంబాడి రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన ఈ విషయంలో ధైర్యం ఇస్తుంది. మధుమేహం అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. తిండిలో చక్కెర, నూనె, పాలిష్ ధాన్యం తగ్గించి, రోజూ అరగంట నడిచినవాళ్ళలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు పెద్దగా మారలేదు. తూకం మిషన్ ముల్లు కదలక ముందే ఒంట్లో మేలు మొదలవుతుంది. పదమూడు రకాల అమ్మాయికి లక్ష్యం 50 కిలోలు కాదు. మొదటి మజిలీ బరువులో ఐదు శాతం, మూడున్నర కిలోలు. అక్కడికే బీపీ, చక్కెర లెక్కలు మెరుగుపడతాయి.

కొందరిది మామూలు ఏరివేత కాదు. తినే రకాలు ఏటా తగ్గిపోవడం, కొత్త తిండి చూస్తే భయం, వాంతి రావడం, నలుగురిలో తినలేక పెళ్ళిళ్ళకు, స్నేహితుల ఇళ్ళకు వెళ్ళడం మానేయడం, తల తిరగడం, పిల్లల్లో ఎదుగుదల ఆగడం కనిపిస్తే అది వైద్యం కావాల్సిన స్థితి. దీనిని అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో ఏఆర్ఎఫ్ఐడీ అనే పేరుతో ప్రత్యేక సమస్యగా చేర్చింది. ఒళ్ళు లావుగా ఉన్నవాళ్ళకూ ఇది ఉండొచ్చు. మనోవైద్యుడు, పోషకాహార నిపుణుడు కలిసి చూడాలి. మధుమేహానికి మాత్రలు వాడుతున్నవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్, మూడు నెలల చక్కెర పరీక్షలు చేయించుకోవడం అందరికీ మంచిది.

ఆ రిపోర్టులతో పాటు ఇంకో కాగితం కూడా తీసుకెళ్ళాలి. వారం రోజుల్లో నిజంగా తిన్నవన్నీ, బిస్కెట్లు, టీలో చక్కెర చెంచాలతో సహా రాసుకున్నది. ఇష్టంగా తినేవి, బలవంతాన తినగలిగేవి, అస్సలు దిగనివి, మూడు వరసలుగా. దాన్ని డాక్టరు ముందు, డైటీషియన్ ముందు పెట్టి, ఇందులోంచే చార్టు రాయమని అడగాలి.